బెర్నార్డ్ డార్విన్ నిజంగా ఆటగాడేనా, తాత పేరు కలిసొచ్చిన విలేకరా?

ప్రశ్న ఇది: "గోల్ఫ్ గురించి రాయడానికి ఆద్యుడు బెర్నార్డ్ డార్విన్ అని ఎక్కడో చదివాను. ఈయన పరిణామ సిద్ధాంతం డార్విన్‌కి చుట్టమా? స్వయంగా ఆడేవాడా, పేపర్లో రాసి మాత్రమే పేరు తెచ్చుకున్నాడా? డబ్బు తీసుకుని రాసేవాడిని అమెచ్యూర్ అని ఎలా అన్నారు?"

ముందు పొట్టి జవాబులు. చుట్టం ఏంటండీ, సొంత మనవడు. ఆడేవాడు, ఇంగ్లండ్ జట్టులో చోటు దక్కేంత బాగా ఆడేవాడు. అమెచ్యూర్ సంగతి కాస్త పెద్ద కథ, కింద చెబుతాను. ఇక "ఆద్యుడు" అన్నమాట మాత్రం సరికాదు, దాంతోనే మొదలుపెడతాను.

నేను ముప్పయ్యేళ్లు ఒక తెలుగు దినపత్రిక స్పోర్ట్స్ డెస్క్‌లో పనిచేశాను. గోల్ఫ్ వార్త ఏజెన్సీ నుంచి రాత్రి పదకొండున్నర దాటాక వచ్చేది. అప్పటికి క్రికెట్‌కి పేజీ అంతా ఇచ్చేసి ఉంటాం. మిగిలిన రెండంగుళాల్లో దాన్ని కుక్కాలి. ఒకసారి మా డెస్క్‌లో కొత్తగా చేరిన కుర్రాడు "బర్డీ సాధించాడు" (ఒక గుంతకు లెక్కకట్టిన దెబ్బల కంటే ఒకటి తక్కువలో పని ముగించాడని అర్థం) అన్నదాన్ని "పిట్టను కొట్టాడు" అని రాసేశాడు. అదృష్టం కొద్దీ ప్రూఫ్‌లో దొరికింది. ఆ రోజుల్లోనే, ఈ ఆటను చూడనివాళ్లకు కూడా అర్థమయ్యేలా ఎవరైనా రాశారా అని వెతికితే నాకు డార్విన్ తగిలాడు. అప్పటి నుంచీ చదువుతూనే ఉన్నాను. కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటే సర్దుకోండి.

ఆయనకంటే ముందు హోరేస్ హచిన్‌సన్ ఉన్నాడు. 1859లో పుట్టాడు. 1886లో, 1887లో వరసగా రెండుసార్లు బ్రిటిష్ అమెచ్యూర్ చాంపియన్‌షిప్ గెలిచాడు. 1890లో బ్యాడ్మింటన్ లైబ్రరీ అనే క్రీడా పుస్తకాల వరసలో వచ్చిన గోల్ఫ్ సంపుటి ఆయన చేతి మీదుగానే తయారైంది. అంటే డార్విన్ పద్నాలుగేళ్ల పిల్లాడిగా ఉన్నప్పటికే ఆటగాడే రచయిత కావడం మొదలైంది. డార్విన్ చేసిన పని వేరు. రోజువారీ పత్రికలో, మ్యాచ్ అయిన మర్నాడే, మళ్లీ చదవాలనిపించే వాక్యం రాయవచ్చని చూపించాడు. అదీ ఒకటీ రెండేళ్లు కాదు, 46 ఏళ్లు.

ఇక మనిషి సంగతి. 1876 సెప్టెంబర్ 7న కెంట్ జిల్లాలో తాత ఉండే డౌన్ ఊళ్లోనే పుట్టాడు. తండ్రి ఫ్రాన్సిస్ డార్విన్ వృక్షశాస్త్రవేత్త, తన తండ్రి పరిశోధనల్లో కుడిభుజం. తల్లి పేరు ఎమీ రక్, వేల్స్ అమ్మాయి. బిడ్డ పుట్టిన నాలుగు రోజులకే ఆమె పోయింది. పసివాణ్ని తాత చార్లెస్, నాయనమ్మ ఎమ్మా పెంచారు. పిల్లలందరూ పెద్దవాళ్లైపోయిన ఆ ఇంట్లోకి మళ్లీ ఉయ్యాల వచ్చిందన్నమాట. ఆ రోజుల్లో పెద్దాయన వానపాముల మీద పుస్తకం రాస్తున్నాడు. వాటికి చెవుడా కాదా తేల్చడానికి వాటి ముందు బసూన్ (పొడవాటి ఊదే వాయిద్యం) వాయించారు, పియానో మోగించారు, ఈల ఊదారు. బసూన్ వాయించింది తండ్రి ఫ్రాన్సిస్, ఈల ఊదింది ఈ బుడతడే అని ఆ కుటుంబంలో చెప్పుకునేవారు. 1882లో తాత పోయేనాటికి వీడికి ఇంకా ఆరేళ్లు నిండలేదు. తాత దగ్గర గారాబం దక్కింది గానీ సైన్స్ మాత్రం అంటలేదు.

గోల్ఫ్ అంటింది ఫెలిక్స్‌టోలో, ఎనిమిదేళ్ల వయసులో, వేసవి సెలవులకు వెళ్లినప్పుడు. అసలు ప్రేమ పుట్టింది మాత్రం అమ్మ తరఫు ఊళ్లవైపు, వేల్స్ తీరంలోని అబర్‌డవీలో. అక్కడ ఆయన మేనమామ కల్నల్ రక్ ఊళ్లో ఒకావిడ దగ్గర తొమ్మిది పూలకుండీలు అడిగి తెచ్చి, సముద్రపు ఒడ్డున గడ్డి నేలలో గోతులు తవ్వి వాటిని పాతేశాడు. అదే గోల్ఫ్ కోర్సు. మన దగ్గర పిల్లలు మూడు పుల్లలు పాతి క్రికెట్ మొదలుపెట్టినట్టే. క్లబ్బు పద్ధతిగా ఏర్పడింది తర్వాత, 1892లో.

పెద్దింటి పిల్లలు చదివే ఈటన్ స్కూల్లో చదివాడు. కేంబ్రిడ్జి ట్రినిటీలో చదువుతూ యూనివర్సిటీ జట్టుకు ఆడాడు, చివరి ఏడాది కెప్టెన్ అయ్యాడు. తర్వాత లా చదివి ప్లీడరు కోటు వేసుకున్నాడు. ఆ వృత్తి మీద ఆయనకు మనసు లేదు. 1907లో ఈవెనింగ్ స్టాండర్డ్‌లో గోల్ఫ్ కాలమ్ అవకాశం వచ్చింది. అదే ఏడాది లండన్ టైమ్స్, కంట్రీ లైఫ్ పత్రికలు కూడా పిలిచాయి. కోటు తీసి పక్కన పెట్టేశాడు. టైమ్స్‌లో 1953 దాకా, కంట్రీ లైఫ్‌లో 1961లో చనిపోయేదాకా రాశాడు.

ఇక మీరు అడిగిన అసలు మాట, ఆటగాడేనా అని. 1902లో ఇంగ్లండ్, స్కాట్లండ్ అమెచ్యూర్ల మధ్య మొదటిసారి పోటీ పెట్టినప్పుడు ఇంగ్లండ్ జట్టులో ఉన్నాడు. 1924లోనూ ఉన్నాడు. మధ్యలో యుద్ధం, అందులో రెండేళ్లకు పైగా మాసిడోనియాలో సైన్యం సరుకుల లెక్కలు చూసే ఉద్యోగం. అమెచ్యూర్ చాంపియన్‌షిప్‌లో రెండుసార్లు, 1909లో, 1921లో, సెమీఫైనల్ దాకా వెళ్లాడు. రెండోసారికి ఆయన వయసు 44. రెండుసార్లూ అక్కడే ఆగిపోయాడు.

నా దృష్టిలో ఆయన రాతకు మూలం ఆ రెండు ఓటములే. కప్పు గెలిచినవాడు ఆట గురించి రాస్తే ఎలా గెలవాలో చెబుతాడు. ఎప్పుడూ ఆడనివాడు స్కోరు చెబుతాడు. గెలుపు కనుచూపు మేరలోకి వచ్చాక చేతులు బిగుసుకుపోవడం ఎలా ఉంటుందో, మూడడుగుల పట్ (బంతిని గుంతలోకి మెల్లగా దొర్లించే దెబ్బ) ముందు నిలబడితే ఆ గుంత ఎంత చిన్నదిగా కనిపిస్తుందో, అక్కడిదాకా వెళ్లి వెనక్కొచ్చినవాడికే తెలుస్తుంది. పైగా డార్విన్ మహా కోపిష్టి. ఎదుటివాడి మీద కాదు, తన మీద, బంతి మీద, ఒక్కోసారి పచ్చిక మీద. కోర్సులో ఆయన చిర్రుబుర్రుల గురించి ఆయన్ని ఎరిగినవాళ్లు చాలామందే చెప్పారు. తన రాతల్లో మాత్రం ఆటగాళ్ల మీద ఆ కోపం కనబడదు. టెన్షన్‌లో తప్పు చేసినవాణ్ని ఆయన ఎద్దేవా చేయడు. తనూ అదే పడవలో ప్రయాణం చేశాడు మరి.

ఇక్కడ గోల్ఫ్ రిపోర్టింగ్ గురించి ఒక మాట చెప్పాలి, అది తెలియకపోతే ఆయన ఘనత అర్థం కాదు. క్రికెట్ రిపోర్టర్ ఒకచోట కూర్చుంటే ఆటంతా కళ్ల ముందే జరుగుతుంది. గోల్ఫ్ అలా కాదు. పద్దెనిమిది హోళ్లు (బంతిని వేయాల్సిన గుంతలు) మైళ్ల పొడవునా పరుచుకుని ఉంటాయి, ఆటగాళ్లు అక్కడో జంట, ఇక్కడో జంట. నువ్వు ఒక జంట వెంట నడిస్తే మిగతా ఆటంతా నీకు తెలియదు. ఎవరి వెంట నడవాలో ఎంచుకోవడంతోనే సగం రిపోర్టు తేలిపోతుంది. అప్పట్లో చాలా రిపోర్టులు ఫలానా హోల్‌లో ఫలానా ఆయన నాలుగు దెబ్బలు, ఇంకొకాయన అయిదు అని కచేరీ దస్తావేజులా సాగేవి. డార్విన్ ఆ లెక్కలు తగ్గించి గాలి ఎటు వీస్తోందో, జనం ఎక్కడ ఊపిరి బిగబట్టారో, ఏ ఒక్క షాట్ దగ్గర మ్యాచ్ చేయి జారిందో పట్టుకునేవాడు. ఆ ఒక్క షాట్‌ని పట్టుకోవడం ఎంత కష్టమో రెండంగుళాల వార్తలు రాసిన నాలాంటివాళ్లని అడగండి.

ఆయన అదృష్టమో, ముందుచూపో గానీ, సరైన జంట వెంట నడిచిన రోజు ఒకటుంది. 1913 సెప్టెంబర్ 20, అమెరికాలో బ్రూక్లైన్. టైమ్స్ యజమాని లార్డ్ నార్త్‌క్లిఫ్ పంపితే యూఎస్ ఓపెన్ రాయడానికి వెళ్లాడు. బ్రిటన్ నుంచి హ్యారీ వార్డన్, టెడ్ రే ఆడుతున్నారు. వార్డన్ అప్పటికే బ్రిటిష్ ఓపెన్ అయిదుసార్లు గెలిచినవాడు, రే అంతకు ముందు ఏడాదే గెలిచినవాడు. నాలుగు రౌండ్లయ్యేసరికి ఈ ఇద్దరితో సమంగా 304 స్ట్రోకుల (దెబ్బల) దగ్గర, ఈ ఆటలో తక్కువ కొట్టినవాడే గెలుస్తాడు, నిలబడ్డాడు ఒక ఇరవయ్యేళ్ల కుర్రాడు, ఫ్రాన్సిస్ విమెట్. ఆ పోటీ జరిగిన క్లబ్బులోనే చిన్నప్పుడు క్యాడీగా సంచులు మోసినవాడు. ఇల్లు రోడ్డు దాటితే పదిహేడో హోల్ ఎదురుగా. ఇప్పుడు తన సంచి మోస్తున్న క్యాడీ ఎడీ లోవరీకి పదేళ్లు. సంచీ, పిల్లాడూ ఇంచుమించు ఒకే ఎత్తు.

మర్నాడు, అంటే ఆ 20న, ముగ్గురికీ ప్లేఆఫ్ (విజేతను తేల్చే అదనపు రౌండ్). వాన, బురద. విమెట్ స్కోరు రాసే మార్కర్‌గా నిలబడింది ఎవరనుకున్నారు? మన డార్విన్. అంటే తన దేశపు ఇద్దరు హేమాహేమీలను ఓడించబోతున్న పరాయి కుర్రాడి లెక్కను, లండన్ నుంచి వచ్చిన విలేకరి తన చేత్తో రాశాడు. తొమ్మిది హోళ్లయ్యేసరికి ముగ్గురూ 38. పదో హోల్‌లో విమెట్ మూడు, వాళ్లిద్దరూ నాలుగేసి. అక్కడ దొరికిన ఒక్క స్ట్రోక్ ఆధిక్యం మళ్లీ పోలేదు. ముందు రే చేతులెత్తేశాడు. పదిహేడో హోల్ దగ్గరికొచ్చేసరికి వార్డన్ ఇంకా ఒక్కటే వెనక. అక్కడ సాహసం చేయబోయి బంకర్‌లో (ఇసుక గుంతలో) పడ్డాడు, అయిదు. విమెట్ మూడు. ఆ హోల్‌తో కథ అయిపోయింది. చివరికి విమెట్ 72, వార్డన్ 77, రే 78.

కళ్లతో చూసి రాయడం ఒకటి, చేత్తో లెక్క రాస్తూ చూడటం ఇంకొకటి. మార్కర్ అన్నవాడు ఆటగాడి పక్కనే ఉండాలి, ఒక్క స్ట్రోక్ కూడా కళ్లు తిప్పుకోకూడదు. డార్విన్‌కు ఆ రోజు దక్కిన సీటు మరే విలేకరికీ దక్కలేదు. దేశాభిమానం ఉన్న మనిషే, ఆంగ్లేయుడు ఓడితే బాధపడేవాడే. అయినా ఆ కుర్రాడి నిబ్బరాన్ని మెచ్చుకోవడానికి కలం వెనకాడలేదు. దాని గురించి ఆ తర్వాత దశాబ్దాలపాటు మళ్లీ మళ్లీ రాశాడు. రాసిన ప్రతిసారీ ఆయన కూడా అక్కడే వానలో తడుస్తూ ఉన్నట్టే ఉంటుంది.

రెండో సంఘటన 1922 ఆగస్టులో. ఇది సినిమాలో పెడితే నమ్మరు. అమెరికా, బ్రిటన్ అమెచ్యూర్ల మధ్య వాకర్ కప్ మొదటిసారి. వేదిక న్యూయార్క్ రాష్ట్రంలో లాంగ్ ఐలండ్ చివరన ఉన్న నేషనల్ గోల్ఫ్ లింక్స్. (కప్పు ఇచ్చిన జార్జ్ హెర్బర్ట్ వాకర్ తర్వాతి కాలపు ఇద్దరు బుష్ అధ్యక్షుల్లో పెద్దాయనకు తాత. ఈ కథలో తాతలకు కొదవ లేదు.) డార్విన్ వెళ్లింది టైమ్స్‌కు రాయడానికి. తీరా అక్కడికెళ్లాక బ్రిటిష్ కెప్టెన్ రాబర్ట్ హారిస్ జబ్బుపడ్డాడు. ఆడటానికి మనిషి కావాలి. ప్రెస్‌లో ఉన్న 45 ఏళ్లాయన వైపు చూశారు. ఆడటమే కాదు, కెప్టెన్‌గానూ ఆయనే నిలబడ్డాడు.

మొదటిరోజు సిరిల్ టోలీతో జోడీగా ఆడి చిత్తుగా ఓడిపోయాడు. అవతలి జోడీలో ఒకడు ఎవరో తెలుసా? తొమ్మిదేళ్ల క్రితం తను స్కోరు రాసిన విమెట్. రెండోరోజు సింగిల్స్‌లో అవతలి కెప్టెన్ విలియం ఫౌన్స్ ఎదురుపడ్డాడు. 1910లో యూఎస్ అమెచ్యూర్ చాంపియన్, ఓక్‌మాంట్ కోర్సు కట్టిన ఇంటి మనిషి. 36 హోళ్ల మ్యాచ్, ఎక్కువ హోళ్లు గెలిచినవాడిదే గెలుపు. డార్విన్ 3 అండ్ 1తో గెలిచాడు, అంటే ఇంకొక్క హోల్ మిగిలి ఉండగా మూడు హోళ్ల ఆధిక్యం. కప్పు మాత్రం అమెరికా 8-4తో పట్టుకుపోయింది. రిపోర్టరుగా వెళ్లి, కెప్టెన్‌గా ఆడి, ఎదుటి కెప్టెన్‌ని ఓడించి, మళ్లీ కూర్చుని వార్త రాయాల్సి వచ్చిన పరిస్థితి ఇంకెవరికైనా వచ్చిందేమో నేనైతే వినలేదు.

మీ ప్రశ్నకు నిజానికి ఈ ఒక్క సంఘటన చాలు. "ఆడేవాడా" అని అడిగారు. ప్రెస్ సీట్లోంచి లేపి దేశం తరఫున నిలబెడితే గెలిచొచ్చాడు.

ఇప్పుడు అమెచ్యూర్ గొడవ. ఈ రోజుల్లో ఆ మాటకు "నేర్చుకుంటున్నవాడు" అన్న అర్థం వచ్చేసింది. అప్పటి బ్రిటన్‌లో అది తరగతి పేరు. ఆట మీద బతకనివాడు అమెచ్యూర్. బంతులు, ఆడే కర్రలు చేసి అమ్మితే కాదు. డబ్బుకు ఆడినా, నేర్పినా కాదు. పదిహేనేళ్లు దాటాక కూలికి సంచి మోసినా కాదు. ఈ చివరి షరతు చూస్తే తెలిసిపోతుంది, అది పేదవాణ్ని గేటు బయట ఆపడానికి పెట్టిన కట్టుబాటే. ఎంత గొప్ప ప్రొఫెషనల్‌కైనా చాలా క్లబ్బుల్లో లోపలికి ప్రవేశం ఉండేది కాదు. బ్రిటిష్ ఓపెన్ అయిదుసార్లు గెలిచిన జె.హెచ్. టేలర్ చిన్నతనంలో పైన చెప్పిన హచిన్‌సన్ ఇంట్లో పనికుర్రాడు. యజమాని అమెచ్యూర్, పనికుర్రాడు ప్రొఫెషనల్. ఆట ఒకటే, గుమ్మాలు వేరు.

మరి డార్విన్ గోల్ఫ్ రాసి జీతం తీసుకున్నాడు కదా? రాయడం ఆ నిషేధాల జాబితాలో లేదు. రాత అనేది మర్యాదస్తుల పనిగా చెల్లిపోయింది. అమెరికాలో ఇదే కాలంలో తమాషా చూడండి: 1916లో విమెట్ క్రీడా సామగ్రి దుకాణం పెట్టాడని అక్కడి గోల్ఫ్ సంఘం ఆయన అమెచ్యూర్ హోదా తీసేసింది. సైన్యంలో చేరాక 1918లో తిరిగిచ్చింది. కొట్టు పెడితే తప్పు, కాలమ్ రాస్తే ఒప్పు! డార్విన్‌ని నేనెంత ఇష్టపడినా ఈ విషయంలో ఆయన పుట్టుక ఆయనకు కలిసొచ్చిందని ఒప్పుకోక తప్పదు. ఈటన్, కేంబ్రిడ్జి, డార్విన్ ఇంటిపేరు లేకపోతే 1907లో మూడు పత్రికల తలుపులు ఒకే ఏడాది తెరుచుకుని ఉండేవా? అనుమానమే. అయితే తెరుచుకున్న తలుపు 46 ఏళ్లు మూసుకోకుండా ఉండటానికి ఇంటిపేరు సరిపోదు.

అసలు టైమ్స్‌లో ఆయన పేరే ఉండేది కాదు. "మా గోల్ఫ్ ప్రతినిధి" అనే వేసేవారు. ఆ పత్రిక రచయితల పేర్లు వేయడం మొదలుపెట్టింది 1967లో, ఆయన పోయిన అయిదేళ్లకు పైగా తర్వాత. అంటే 46 ఏళ్ల టైమ్స్ ఉద్యోగంలో తాత పేరు పేజీ మీద పడిందే లేదు. అయినా ఒక పేరా చదివితే చాలు, ఇది డార్విన్ రాసింది అని పాఠకులు పట్టేసేవారట. బైలైన్ కోసం కొట్టుకుచచ్చిన నా తరం సబ్ ఎడిటర్లకు ఇది కొంచెం గుచ్చుకునే విషయం.

ఇంటి సంగతి ఒక్క పేరాలో. 1906లో ఐర్లండ్ చిత్రకారిణి ఎలినర్ మాన్‌సెల్‌ని పెళ్లాడాడు. డబ్లిన్ ఆబీ థియేటర్ చిహ్నంలో వేటకుక్కతో నిలబడ్డ రాణి బొమ్మ ఆవిడ చేసిందే. కొడుకు రాబిన్ చిత్రకారుడు, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌కు అధిపతి అయ్యాడు. కూతురు అర్సులా కుమ్మరి కళలో పేరు తెచ్చుకుని నూరేళ్లు దాటి బతికింది. డికెన్స్ నవలలంటే ఈయనకు ప్రాణం. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 1941లో కొటేషన్ల నిఘంటువు తెచ్చినప్పుడు ముందుమాట రాయించుకున్నది ఈ గోల్ఫ్ విలేకరితోనే. 1934లో సెయింట్ ఆండ్రూస్ క్లబ్బు కెప్టెన్, 1937లో సీబీఈ అనే బ్రిటిష్ ప్రభుత్వ బిరుదు. 2005లో వరల్డ్ గోల్ఫ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు.

నాకు వీటన్నిటికంటే నచ్చేది 1924 నాటి గెలుపు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి పాత విద్యార్థులు ప్రతి జనవరిలో ఎముకలు కొరికే చలిలో రై అనే ఊళ్లో ఆడుకునే పోటీ ఒకటుంది, పేరు ప్రెసిడెంట్స్ పట్టర్. కప్పు ఉండదు. 1891 బ్రిటిష్ ఓపెన్ విజేత హ్యూ కర్కాల్డీ వాడిన పాత పట్టర్ (పట్ కొట్టే కర్ర) ఒకటి ఉంటుంది, గెలిచినవాడి బంతిని దానికి వేలాడదీస్తారు. 47 ఏళ్ల వయసులో ఆ పోటీ గెలిచి, తన బంతిని అక్కడ వేలాడదీశాడు.

చదవాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడగలేదు గానీ చెబుతాను. 1910లో బ్రిటన్ కోర్సుల మీద ఆయన రాసిన పుస్తకం ఉంది, బొమ్మలు హ్యారీ రౌన్‌ట్రీ వేశాడు. ఆయన 1961 అక్టోబర్‌లో పోయాడు కాబట్టి మన కాపీరైట్ చట్టం ప్రకారం 2022 జనవరి నుంచి భారతదేశంలో ఆయన రచనల మీద హక్కులు లేవు. కాబట్టి ఇక్కడ నిశ్చింతగా దింపుకోవచ్చు, తెలుగులోకి తెచ్చే ఓపిక ఎవరికైనా ఉంటే తేవచ్చు కూడా. ఒక్క జాగ్రత్త: ఆ కాలంలో "బోగీ" అంటే ఇప్పటిలా ఒకటి ఎక్కువ కొట్టడం కాదు, మంచి ఆటగాడు కొట్టాల్సిన స్కోరు. ఇది తెలియకపోతే మొదటి పేజీల్లోనే తికమకపడతారు. లండన్ కోర్సుల అధ్యాయాలు ఇప్పటికి వదిలేయండి. నేరుగా వేల్స్ అధ్యాయం తెరవండి. అబర్‌డవీ దగ్గరికి రాగానే నిష్పాక్షికత పక్కన పెట్టేసి, లోకంలోని కోర్సులన్నిటిలో తన ప్రాణానికి ఇష్టమైనది ఇదే అని ఒప్పేసుకుంటాడు. మేనమామ పూలకుండీలు పాతిన ఊరు మరి.